గునపం పట్టుకొని వచ్చేవాడికి తెలియాలి

(విశాఖపట్నంలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో, రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. సభికుల ప్రశ్నలను క్లుప్తం చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

కార్యదర్శి గారు నన్ను పిలిచినప్పుడు "కరెంటు పొదుపు గురించి చెప్పండి మాస్టారూ" అన్నారు. పొదుపు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, టీవీ పెడితే వాళ్లే. నేను మాత్రం ఇంటి కరెంటు వైరు నేలలో, గోడలో ఎటునుంచి ఎటు పోవాలో చెబుతానన్నాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. అయినా ఒప్పుకున్నారు.

ముందు నా తప్పు చెప్పేస్తాను. నేను 1998లో ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగమే కరెంటు పని కాబట్టి, వైరింగు గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. గృహప్రవేశం ఇంకో నాలుగు రోజులుందనగా గేటు దగ్గర లైటు మర్చిపోయామని గుర్తొచ్చింది. వరండా నుంచి గేటు దాకా నలభై అడుగులు. అప్పటికే కుళాయి పైపు కోసం కాలువ తవ్వి ఉంది. "తవ్విందే ఉంది కదా, ఇందులోనే పడేద్దాం" అన్నాను. సన్నటి పీవీసీ పైపు, దాంట్లో ఇంట్లో వాడగా మిగిలిన రెండు వైర్లు. ఎర్తు వైరు లేదు. లోతు ఒక అడుగు. నీళ్ల పైపుని ఆనుకునే వేశాం. మట్టి కప్పేశాం, లైటు వెలిగింది, అందరం సంతోషించాం.

నాలుగేళ్ల తర్వాత కుళాయి పైపు లీకైంది. ప్లంబరు వచ్చి గునపంతో నాలుగు పోట్లు పొడిచాడు. ఐదో పోటుకి నీలంగా ఒక మెరుపు, టప్ మని చప్పుడు. మనిషి వెనక్కి పడ్డాడు. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అదృష్టం ఏమిటంటే, గునపం రెండు వైర్లనీ ఒకేసారి కోసింది. షార్టై ఫ్యూజు ఎగిరిపోయింది. ఫేజు వైరు ఒక్కటే తగిలి ఉంటే ఫ్యూజు కదిలేది కాదు, కరెంటు ఆ మనిషిలోంచి భూమిలోకి పోతూనే ఉండేది. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి, గునపం పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టుకున్నాడు. మంచినీళ్లు తాగి కాస్త తేరుకున్నాక అతను అన్నమాట ఒకటే: "ఇక్కడ వైరుందని ఒక్క ముక్క చెప్పుంటే బాగుండేది కదా సార్."

ఏం చెప్పను? ఆ వైరు అక్కడుందని నాకే గుర్తులేదు.

అందుకే ఈ రోజు నేను చెప్పేదంతా ఒకే మనిషిని దృష్టిలో పెట్టుకొని. మీ ఎలక్ట్రీషియన్ని కాదు, మిమ్మల్ని కూడా కాదు. పదేళ్ల తర్వాత గునపమో డ్రిల్లింగు మిషనో పట్టుకొని మీ ఇంటికి వచ్చేవాణ్ణి. అతనికి మీ వైరు ఎక్కడుందో తెలియదు. అతను మామూలుగా ఆలోచిస్తాడు. అతను మామూలుగా ఊహించే చోట వైరు ఉండాలి, లేదా అతని గునపం అందనంత లోతులో ఉండాలి, లేదా గునపం తగిలినా అతనికి ఏమీ కాకూడదు. మూడూ కుదిరితే మరీ మంచిది.

మన ఊళ్లో ఇది ఇప్పుడెందుకు ముఖ్యమంటే, హుద్‌హుద్ తుపాను తర్వాత భూమి లోపల రద్దీ పెరిగింది. 2014 అక్టోబరు 12 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఆదివారం స్తంభాలు పుల్లల్లా విరిగిపోయాయి. రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు లైన్లని భూగర్భ కేబుళ్లుగా మార్చారు. తుపాను గాలి నుంచి లైనుకి రక్షణ దొరికింది. కానీ పైన వైరుంటే కనబడుతుంది, పిల్లాడైనా దూరం జరుగుతాడు. కింద ఉన్నది కనబడదు. ఇప్పుడు మన వీధుల కింద కరెంటు కేబులు, మంచినీళ్ల పైపు, డ్రైనేజీ, ఇంటర్నెట్ ఫైబరు, కొన్నిచోట్ల గ్యాసు పైపు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పడుకొని ఉంటున్నాయి.

లోతు సంగతి చూద్దాం. భూమిలో కేబుళ్లు వేయడానికి మనకో భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 1255 అంటారు. ఇళ్లకి వాడే లో-టెన్షన్ కేబులు పైభాగం నేల మట్టం నుంచి కనీసం 75 సెంటీమీటర్ల కింద ఉండాలంటుంది. మన లెక్కలో రెండున్నర అడుగులు. రోడ్డు దాటే చోట ఒక మీటరు. నేను వేసింది ఒక అడుగు! అడుగు లోతంటే మల్లె మొక్క నాటే గుంట. మా ఆవిడే తవ్వేస్తుంది.

దూరాలు కూడా అందులోనే ఉన్నాయి. గ్యాసు, నీళ్ల మెయిను పైపులకీ కరెంటు కేబులుకీ మధ్య 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు. టెలిఫోను, ఇంటర్నెట్ లాంటి కేబుళ్లకి కూడా అడుగే. మన కాంపౌండులో ఉండేది మెయిను పైపు కాదు కదా, చిన్న పైపే కదా అంటారేమో. పైపు చిన్నదైనా లీకు లీకే, గునపం గునపమే. ఆ అడుగు దూరం ఎందుకో నా ప్లంబరుని అడగండి. పైపు బాగుచేయడానికి వచ్చినవాడు పైపు చుట్టూ చెయ్యి తిరిగేంత తవ్వుకుంటాడు. ఆ గుంటలోకి మీ కేబులు రాకూడదు. ఒకదాన్నొకటి దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. పక్కపక్కనే సాగదీయొద్దు.

ఇక కాలువలోకి కేబులు దింపాక, తవ్విన మట్టినే రాళ్లతో సహా తోసేస్తారు మన కూలీలు. మన ఎర్రమట్టిలో రాయి ఎక్కువ. రాయి మొన కేబులు మీద కూర్చుంటుంది, పైన కారో నీళ్ల ట్యాంకరో తిరుగుతుంటే రోజూ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది. మూడేళ్లకో ఐదేళ్లకో ఒక వానాకాలంలో మోటారు ఆన్ చేయగానే ట్రిప్పవుతుంది. ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. అందుకే కేబులు కింద మూడంగుళాలు, పైన మూడంగుళాలు ఇసుక పోయాలి. ఇసుక మెత్తన ఒక్కటే కాదు ఉపయోగం. కేబులు చుట్టూ ఖాళీలు లేకుండా సర్దుకుంటుంది, వేడి బయటికి పోవడానికి దారి ఉంటుంది. రాళ్ల మధ్య గాలి సందులుంటే కేబులు ఆ చోట వేడెక్కుతుంది. ఇసుక మీద ఇటుకలు పరవండి. పగిలిన ఇటుకలైనా ఫరవాలేదు, మీ మేస్త్రి దగ్గర ఉంటాయి. సగం మట్టి పూడ్చాక, నేలకి ఒక అడుగు కింద, హెచ్చరిక టేపు పరవండి. ఎర్రటిదో పసుపుదో, షాపులో దొరుకుతుంది. తవ్వేవాడికి ముందు టేపు వస్తుంది, తర్వాత ఇటుక వస్తుంది. ఇటుకని చూసి కూడా పొడిచేవాడు ఉండడు. ఎవరో ఇక్కడ ఏదో దాచారని ఆగుతాడు.

కేబులు ఏది వాడాలి? ఇంట్లో గోడలో వాడే మామూలు వైరుని పైపులో దూర్చి భూమిలో వేయకూడదు. "పైపులో ఉంది కదా సార్" అంటారు. భూమిలో పైపు పొడిగా ఉండదండీ. అతుకుల్లోంచి నీరు దిగుతుంది. అతుకులు గట్టిగా ఉన్నా లోపలి గాలికి చెమ్మ పట్టి నీరు చేరుతుంది. మన విశాఖ గాలి సంగతి చెప్పాలా? ఏడాది పొడవునా ఆ వైరు నీళ్లలో నానుతున్నట్టే. భూమిలోకి ఆర్మర్డ్ కేబులే వేయాలి. లోపలి వైర్ల చుట్టూ ఉక్కు తీగల కవచం ఉంటుంది. సింగిల్ ఫేజుకి మూడు కోర్లది తీసుకోండి: ఫేజు, న్యూట్రలు, ఎర్తు.

ఉక్కు కవచం ఎలుకలకి కూడా మందు. మన పందికొక్కు సంగతి మీకు తెలుసు కదా. ఇంగ్లీషులో బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది. ఆస్ట్రేలియాలో ఏదో జంతువుకి కూడా ఆ పేరే పెట్టేశారు. మాట అంత దూరం వెళ్లినా, జంతువు మాత్రం ఇక్కడే ఉండి మన కేబుళ్లు కొరుకుతోంది.

అయితే ఈ కవచం గురించి ఒక విషయం ఎవరూ చెప్పరు, కాంట్రాక్టర్లకి కూడా సగంమందికి తెలియదు. గునపాన్ని ఆపడం కవచం అసలు పని కాదు. బలంగా పొడిస్తే గునపం దాన్ని చీల్చుకొని పోతుంది. అసలు పని ఏమిటంటే, గునపం ఫేజు వైరుని తాకేలోపు కవచాన్ని తాకుతుంది. కవచం ఎర్తుకి కలిపి ఉంటే, ఫేజు తగిలిన క్షణంలో కరెంటు ఆ ఉక్కు దారిలో ఎర్తుకి ఉరుకుతుంది, బోర్డులోని ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తాను తెంపేసే స్విచ్చు, పడిపోతుంది. మనిషి బతుకుతాడు. కవచాన్ని ఎర్తుకి కలపకపోతే? అప్పుడు మీరు డబ్బు పెట్టి కొన్నది ఉత్త ఇనుప తీగ. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల కవచాన్ని బాక్సు బయటే కోసి వదిలేస్తారు. గ్లాండు, అంటే కేబులు కొసని కవచంతో సహా పట్టి ఉంచే లోహపు బిగింపు, బిగించి, బాక్సుకి కలిపి, అక్కణ్ణించి ఎర్తు తీగ వేయాలి. మీ బోరు మోటారు స్టార్టరు బాక్సు దగ్గరికెళ్లి ఈ సాయంత్రమే చూడండి. చూడమన్నాను, చెయ్యి పెట్టమనలేదు.

(సభలోంచి: "ఎంసీబీ ఉంటే చాలదా సార్?")

చాలదమ్మా. ఎంసీబీ కాపాడేది వైరుని. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పదహారు దాటేదాకా కూర్చునే ఉంటుంది. మనిషి ప్రాణం పోవడానికి పదో వంతు ఆంపియరు కూడా అక్కర్లేదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోయాయా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి రెప్పపాటులో తెంపేస్తుంది. ఆరుబయట ఉండే ప్రతి లైనుకీ అది ఉండాలి: గేటు లైటు, తోట లైటు, బోరు, సంపు మోటారు. దాని మీద టెస్టు బటను ఉంటుంది. నొక్కితే పడాలి. పడకపోతే అది గోడకి అంటించిన బొమ్మ.

సంపు గురించి ఇక్కడే చెప్పేస్తాను. సంపు మూత పక్కన జంక్షను బాక్సు పెట్టడం మన వాళ్లకి అలవాటు. వాన పడితే నీళ్లు మొదట చేరేది అక్కడే. అతుకులు భూమిలో వద్దు, సంపు దగ్గర వద్దు. వరండాలో, మోకాలికి పైన, మూత గట్టిగా పడే బాక్సులో పెట్టండి. తప్పనిసరై భూమిలో అతుకు వేయాల్సివస్తే దానికి రెజిన్ పోసే కిట్లు దొరుకుతాయి. నల్ల టేపు చుట్టి పాలిథిన్ కవరు కట్టేది అతుకు కాదు.

ఇప్పుడు పైపుల విషయం. మన పాత ఇళ్లలో ఒక అలవాటు ఉంది. ఎర్తు కోసం విడిగా గుంత తీయకుండా, మునిసిపల్ కుళాయి ఇనుప పైపుకి ఒక తీగ కట్టేసేవాళ్లు. భూమిలో వందల అడుగుల ఇనుప పైపు ఉన్నప్పుడు అది పనిచేసేది కూడా. తర్వాత ఏమైంది? ఇనుప పైపు తుప్పు పట్టింది, ప్లంబరు ఓ ఆరడుగులు కోసి ప్లాస్టిక్ పైపు వేశాడు. ప్లంబరు తప్పేమీ లేదు, పైపులో నీళ్లొస్తున్నాయి. కానీ ఎర్తు ఆ ఆరడుగుల దగ్గర తెగిపోయింది. ఇప్పుడు గీజరులో లీకేజీ వస్తే, ఆ కరెంటు భూమిలోకి పోలేక మిగిలిన ఇనుప పైపంతా పాకుతుంది. కింద వాటాలో గీజరు పాడైతే పై వాటాలో కుళాయి జిల్లుమంటుంది. "తడి చేత్తో కుళాయి తిప్పితే చిటుక్కుమంటోంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 కూడా నీళ్ల పైపుని వినియోగదారుడి ఎర్తుగా వాడొద్దనే అంటుంది. పైపుని ఎర్తుకి కట్టొచ్చు, ఇనుప పైపైతే కట్టాలి కూడా. ఎర్తు గుంత మాత్రం విడిగా ఉండాలి. మన సముద్రపు ఊళ్లో ఎర్తు పైపు కూడా త్వరగా తుప్పు పడుతుంది. గుంత మూత తీసి బోల్టులు చూసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి. ... ముగ్గురు. ఫరవాలేదు, సున్నా అనుకున్నాను.

గ్యాసు గురించి తక్కువే చెబుతాను. సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద నిలుస్తుంది. పైపు గ్యాసు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. సిలిండరు పెట్టే అరలో, దాని పక్కనే కింద ప్లగ్గు పాయింటు పెట్టించకండి. వాటర్ ఫిల్టరు కోసమని ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. గ్యాసు పైపూ కరెంటు పైపూ ఒకే గాడిలో పోకూడదు. ఇంకొకటి, వీధిలోంచి ఇంట్లోకి కేబులు వచ్చే పైపు ఉంటుంది కదా, దాని నోరు మూయించండి. వీధిలో గ్యాసు లీకైతే అది మట్టిలో సులువైన దారి వెతుక్కుంటుంది. తెరిచి ఉన్న కేబులు పైపుని మించిన దారి దానికి ఉండదు, నేరుగా మీ మీటరు గదిలోకి వస్తుంది. నీళ్లు, ఎలుకలు కూడా అదే దారిలో వస్తాయి.

గోడల్లోకి వద్దాం. గోడకి గాడి కొట్టేటప్పుడు కుర్రాళ్లు దూరం తగ్గుతుందని ఏటవాలుగా కొడతారు. ఓ మీటరు పొడవు వైరు మిగులుతుంది. ఎప్పుడో మీ అల్లుడు టీవీ స్టాండు బిగించడానికి వస్తాడు. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైన డ్రిల్లు పెట్టకూడదని అతనికి తెలుసు, కాబట్టి రెండడుగులు పక్కకి జరిగి పెడతాడు. సరిగ్గా ఏటవాలు వైరు మీద పడుతుంది. నిలువు, అడ్డం, ఈ రెండు దారులే గోడలో ఉండాలి. బాత్రూము గోడలో అయితే నీళ్ల పైపులు బాత్రూము వైపు, కరెంటు పైపు అవతలి గది వైపు. వేడినీళ్ల పైపుకి దూరంగా పోనివ్వండి. మామూలు పీవీసీ వైరు తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీలు. లోపల కరెంటు వేడి, పక్కన గీజరు పైపు వేడి కలిస్తే తొడుగు పెళుసెక్కిపోతుంది.

స్లాబులో పైపులు వేసే రోజు చాలా ముఖ్యం. పొద్దున్న కాంక్రీటు అంటే రాత్రి లైట్లు పెట్టుకొని పైపులు కడతారు. ఆ రాత్రి మీరు వెళ్లి ఫోనుతో ఫొటోలు తీయండి. ఉత్త ఫొటో చాలదు. కొలత టేపు పరిచి, గది మూల కనబడేలా తీయండి. గోడకి ప్లాస్టరింగు కాకముందు ప్రతి గోడకీ ఒకటి. కేబులు కాలువ పూడ్చకముందు ఇంకొకటి. మేస్త్రికి టెన్షన్, లారీ వచ్చేస్తోందంటాడు. ఆగమనండి. అయిదు నిమిషాలు.

(సభలోంచి: "రూఫ్ మీద సోలారు పెట్టించాం. దాని వైర్లకీ ఇదేనా?")

ఇదే, ఇంకొంచెం ఎక్కువ. పలకల నుంచి ఇన్వర్టరు దాకా వచ్చేది డీసీ, అంటే ఒకే దిక్కుకి పోయే కరెంటు. ఇంట్లో వాడేది ఏసీ, అటూ ఇటూ దిక్కు మారే కరెంటు. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో కరెంటు ఉంటుంది. వదులైతే వచ్చే నిప్పురవ్వ ఏసీలో లాగా తనంతట తాను సులువుగా ఆరదు. దానికి వేరే పైపు, పైన "సోలార్ డీసీ" అని రాయించండి. ఏసీ వైర్లతో కలపొద్దు, వాన నీళ్ల పైపుకి టేపుతో కట్టొద్దు. మీ వీధిలో ఒకచోట అలా కట్టి ఉండడం వస్తూ వస్తూ చూశాను. ఎవరిదో చెప్పను.

(సభలోంచి: "గేటు బయట తవ్వాల్సి వస్తే?")

బయటది మీది కాదు. మీటరు దాకా వచ్చే సర్వీసు కేబులు కూడా విద్యుత్ సంస్థదే. అనుమతి లేకుండా రోడ్డు తవ్వకూడదు. తవ్వే ఏజెన్సీల కోసం కేంద్రం 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ మొదలుపెట్టింది. తవ్వేవాళ్లు ముందే తెలియజేస్తే కింద కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకి కబురు వెళుతుంది. మీ వీధిలో ఎవరైనా జేసీబీ దింపితే ఆ సంగతి అడగండి. అడిగే హక్కు మీకుంది. ఒకవేళ కేబులు తెగిందే అనుకోండి, గునపాన్ని లాగడానికి వెళ్లొద్దు. అందర్నీ దూరం జరిపి 1912కి ఫోను చేయండి.

(సభలోంచి: "మాది ముప్పై ఏళ్ల నాటి ఇల్లు. నాన్నగారు లేరు. వైరు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు కొత్త పైపు వేయాలి.")

మంచి ప్రశ్న బాబూ. ముందు రెండు కొసలూ చూసుకో: బోర్డు దగ్గర ఎక్కడ దిగింది, మోటారు దగ్గర ఎక్కడ తేలింది. మధ్యలో తిన్నగా పోయిందని మాత్రం నమ్మకు. కేబులు జాడ పట్టే మిషను ఉన్నవాణ్ణి పిలిస్తే ఒక పూట పని. అది కుదరకపోతే మెయిన్ ఆపు, ఇన్వర్టరు కూడా ఆపు, జనం అది మర్చిపోతారు. ఆ లైను వైర్లు బోర్డులో విప్పించి పక్కకి పెట్టించు. అప్పుడు తవ్వండి, పారతో, పైపైన, పొరలు పొరలుగా. గునపం పక్కన పెట్టేయండి. ఇంకా మంచిది, ఆ పాత లైనుని పూర్తిగా వదిలేసి కొత్త ఆర్మర్డ్ కేబులు వేరే దారిలో వేసుకో. పాతదాన్ని రెండు కొసలా విప్పేసి, కొస మీద "ఇది పనిచేయదు" అని రాయి. రాయకపోతే నీ కొడుకు దాన్ని చూసి మళ్లీ ఇదే ప్రశ్న ఎవరినో అడుగుతాడు.

మా ఇంటి కేబులు గీసిన కాగితం జిరాక్సులు తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. ప్లంబరు పడిపోయిన మర్నాడు గీశాను. గోడ నుంచి ఎన్ని అడుగులు, గేటు స్తంభం నుంచి ఎన్ని, లోతెంత, అన్నీ రాసి అసలు కాగితాన్ని మీటరు బాక్సు తలుపుకి లోపలివైపు అంటించాను. నమూనాగా తీసుకెళ్లండి. కొబ్బరిచెట్టు దగ్గర గీత వంకర పోయింది చూశారా, అది నా చెయ్యి వణికి కాదు. చెట్టు వేరు అడ్డొచ్చి కేబుల్ని నిజంగానే అలా తిప్పాం. ఆ చెట్టు హుద్‌హుద్‌లో పోయింది, వంకర మాత్రం కింద అలాగే ఉంది.